లెక్కకెక్కిన పరుగు

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలబడి చూస్తే నాలుగు వైపులకూ దారులు సాగుతాయి. ఒకటి నూజివీడు మామిడితోటలకు, ఒకటి గుడివాడ మాగాణానికి. మిగిలిన రెండూ నిజానికి ఒకే దారి. చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే జాతీయ రహదారి అది. ఆ రోడ్డు పట్టుకుని ఒక వైపు పోతే విజయవాడ, గుంటూరు వస్తాయి. రెండో వైపు పోతే ఏలూరు, గోదావరి, విశాఖపట్నం, ఇంకా పైన భువనేశ్వర్. ఈ ప్రసంగంలో మనం ముచ్చటించుకోబోయే క్రీడాకారిణి జీవితం చాలావరకు ఈ ఒక్క రహదారి మీదనే నడిచింది. ఆమె పుట్టి పెరిగినది విశాఖపట్నం. కొంతకాలం శిక్షణ పొందినది గుంటూరు. ఆ పరుగు పదునెక్కినది భువనేశ్వర్. పేరు జ్యోతి యర్రాజి. నూరు మీటర్ల హర్డిల్స్ పందెంలో ఆసియాఖండానికి రెండుసార్లు విజేత. ఆ పందెంలో ఒలింపిక్ క్రీడారంగాన కాలు మోపిన మొట్టమొదటి భారతీయ వనిత.

కూడలిలోని ఆంజనేయస్వామి గుడిని బట్టి హనుమాన్ జంక్షనుకు ఆ పేరు వచ్చింది. సముద్రాన్ని లంఘించిన దేవుడి పేరు పెట్టుకున్న చోట హర్డిల్స్ మాట ఎత్తితే, అడ్డం పెట్టినవాటిని దూకే పందెం కాబోలు అని ఎవరైనా అనుకుంటారు. పత్రికలలో వేసే ఛాయాచిత్రాలు కూడా ఈ భ్రమనే పెంచుతున్నాయి. క్రీడాకారిణి గాలిలో ఉన్న క్షణాన్నే పట్టి చూపుతాయి. కాని ఈ పందెంలో గాలిలో గడిపిన కాలమంతా నష్టం కిందనే జమ. కాలు నేలను తన్నినప్పుడే వేగం పుడుతుంది. గాలిలో తేలుతున్నంతసేపూ ఉన్న వేగం తరుగుతుందే గాని పెరగదు. అందుచేత ఎంత తక్కువ ఎత్తున, ఎంత త్వరగా దాటి మళ్లీ నేలకు దిగితే అంత లాభం. సాగరం దాటేటప్పుడు మైనాకుడు ఎదురువచ్చి విశ్రమించమంటే మారుతి ఆగలేదు, కాదనలేదు. చేతితో తాకి సాగిపోయినాడు. హర్డిల్స్ విద్యకు రామాయణంలో దృష్టాంతం వెదకవలసివస్తే సముద్రలంఘనం కంటె ఈ ఘట్టమే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

ఇంగ్లండులో గొర్రెల మందను ఆపడానికి నిలబెట్టే తడికెలకు హర్డిల్ అని పేరు. ఆ తడికెల మీదుగా పరుగెత్తే వినోదం నుంచి ఈ పందెం పుట్టింది. ఇప్పటి హర్డిల్ ఒక చట్రం. స్త్రీల నూరు మీటర్ల పందెంలో దాని ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే మన లెక్కలో 2 అడుగుల 9 అంగుళాలు. అటువంటివి 10 ఉంటాయి. పరుగు మొదలయ్యే గీత నుంచి మొదటిదానికి 13 మీటర్లు. అక్కడి నుంచి ఒకదానికీ మరొకదానికీ నడుమ ఎనిమిదిన్నర మీటర్లు. చివరిది దాటినాక గమ్యానికి పదిన్నర మీటర్లు. మన పాత మామిడితోటలలో చెట్టుకూ చెట్టుకూ నడుమ 10 మీటర్ల ఎడం విడవడం వాడుక. అంతకు కొంచెం తక్కువ ఎడంలో పది చెట్లు ఒక వరుసన నిలిచినట్లు ఊహించుకోవచ్చు. హర్డిల్‌కు కాలు తగిలి పడిపోయినా తప్పు లేదు, కావాలని తోయకుంటే చాలు. కాని తగిలిన ప్రతిసారీ లయ చెడుతుంది. స్త్రీలకు 1968 వరకు ఇది 80 మీటర్ల పందెంగానే ఉండేది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌తో నూరు మీటర్లది ప్రవేశించింది.

ఇందులో అసలు చిక్కు హర్డిల్ మీద లేదు, రెండు హర్డిళ్ల నడుమ ఉన్నది. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో సుమారు 2 మీటర్లు ముందుగానే నేల విడవాలి; దాటినాక ఒక మీటరు అవతల కాలు మోపాలి. మిగిలిన అయిదున్నర మీటర్లలో సరిగా మూడు అంగలు పడాలి. నాలుగు వేస్తే ముందుకు చాచే కాలు మారిపోతుంది, రెండు చాలవు. వేగంగా పరుగెత్తే మనిషి అంగ మామూలుగా 2 మీటర్లకు పైగా ఉంటుంది. ఇక్కడ దానిని కుదించుకోవాలి, కాని వేగం కుదించుకోకూడదు. పొడగరికి హర్డిల్ దాటడం సులువు. అదే పొడుగు నడుమ అంగలలో బరువవుతుంది. జ్యోతి విషయంలో ఈ రెండూ నిజమైనవి.

ఆమె 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో జన్మించింది. తండ్రి ప్రైవేటు సంస్థలలో కాపలా ఉద్యోగి. తల్లి ఇళ్లలో పనిచేస్తూ, ఒక ఆసుపత్రిలో పారిశుద్ధ్యపు పని కూడా చేసేది. పత్రికలు ఈ సంగతిని పదేపదే వ్రాశాయి. వ్రాయవలసినదే, కాని పేదరికం పతకాన్ని తెచ్చిపెట్టదు. తెచ్చినది మరొకటి. విశాఖలో పోర్టు వారి పాఠశాలలో చదువుతుండగా వ్యాయామోపాధ్యాయుడు ఈ అమ్మాయి ఎత్తును గమనించి, హర్డిల్స్‌కు పనికివస్తుందని గుర్తించాడు. 2015లో ఆంధ్రప్రదేశ్ అంతర్ జిల్లా పోటీలలో బంగారుపతకం వచ్చింది. మరుసటి ఏడు హైదరాబాదులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రానికి, అటుపైన గుంటూరు శిక్షణ కేంద్రానికి, 2019లో భువనేశ్వర్‌లో ఒడిశా ప్రభుత్వమూ రిలయన్స్ సంస్థా కలిసి నడిపే కేంద్రానికి చేరింది. అక్కడ జేమ్స్ హిలియర్ అనే బ్రిటిష్ శిక్షకుడు ఆమెను చేపట్టాడు. దాటేటప్పుడు అనవసరంగా పైకి లేచే అలవాటును మాన్పించడం, నడుమ మూడు అంగలను పొట్టిగా, చురుకుగా వేయించడం, ఇదీ అక్కడి పని. వినడానికి రెండు మాటలు. చేయడానికి ఏళ్లు పట్టింది.

ఇక్కడి నుంచి కథ ఒక విచిత్రమైన మలుపు తిరుగుతుంది. స్త్రీల హర్డిల్స్‌లో భారతదేశపు రికార్డు 13.38 సెకండ్లు. ఒడిశాకు చెందిన అనూరాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పినది. పదిహేడేళ్లకు పైగా దానిని ఎవరూ కదల్చలేదు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిలభారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో జ్యోతి ఆ దూరాన్ని 13.03 సెకండ్లలో ముగించింది. పాత రికార్డు కంటె 35 వందోవంతులు తక్కువ. నేల మీద కొలిస్తే ఎనిమిది అడుగులకు పైగా ముందన్నమాట. అయినా అది రికార్డు కాలేదు. నిషిద్ధ ఔషధాల పరీక్ష ఆ పోటీలలో ఆమెకు జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య తరఫు సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడు. పరీక్ష లేనిదే రికార్డు లేదని నియమం. పరుగు జరిగింది, గడియారం చూపింది, జనం చూశారు. పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు.

నియమం సరైనదే. కాని పరీక్ష ఏర్పాటు చేయవలసిన బాధ్యత పరుగెత్తేవారిది కాదు, పోటీ నడిపేవారిది. తప్పు ఒకచోట, శిక్ష మరొకచోట పడినది. దేశంలో ఎన్ని చిన్న పోటీలలో ఎందరి పరుగులు ఇట్లా గాలికి పోతున్నవో ఆలోచించవలసిన విషయం.

ఆ మార్చిలోనే కరోనా వచ్చి మైదానాలు మూతపడినవి. మళ్లీ ఆమె రికార్డు గడప తొక్కినది 2022 ఏప్రిల్‌లో, కోళికోడ్ ఫెడరేషన్ కప్పు పోటీలలో. కాలం 13.09. ఈసారి పరీక్షలున్నాయి, ప్రతినిధులున్నారు. అడ్డువచ్చినది గాలి.

గాలి సంగతి కొంచెం వివరించవలసి ఉన్నది. పరుగుకు వెనుక నుంచి గాలి వీస్తే అది మనిషిని తోస్తుంది. ఆ సాయం సెకండుకు 2 మీటర్లు మించితే ఆ కాలాన్ని రికార్డుగా లెక్కించరు. గెలుపు మాత్రం గెలుపుగానే ఉంటుంది. కొలిచే పరికరాన్ని మొదటి వరుస పక్కన, గమ్యానికి 50 మీటర్ల దూరంలో నిలుపుతారు. హర్డిల్స్ పందేనికి తుపాకీ మ్రోగినది మొదలు 13 సెకండ్ల పాటు వీచిన గాలికి సగటు కడతారు. సెకండుకు 2 మీటర్లంటే గంటకు 7 కిలోమీటర్ల పైచిలుకు. మన తోటలలో మామిడాకులు గలగలలాడే గాలి అది. పండిన రసం కాయను సైతం రాల్చలేదు. కోళికోడ్‌లో ఆ నాడు పరికరం చూపినది 2.1. మించినది కేవలం పదోవంతు. రెండోసారి కూడా పరుగు పుస్తకంలోకి ఎక్కలేదు.

మరొకరైతే విసిగిపోయేవారేమో. ఆమె సైప్రస్ ద్వీపానికి పోయింది. 2022 మే 10న లిమసోల్ నగరంలో 13.23 సెకండ్లు. ఇది మూడబిద్రి పరుగు కంటె, కోళికోడ్ పరుగు కంటె నిదానమైనదని శ్రోతలు గమనించగలరు. అయినా భారతదేశపు రికార్డు ఇదే అయినది. గాలి హద్దులో ఉన్నది, పరీక్షలు ఉన్నాయి. ఇరవై ఏళ్ల తరువాత పుస్తకంలో అంకె మారింది. అదే నెల 22న ఇంగ్లండులో లఫ్‌బరో వద్ద 13.11, 26న నెదర్లాండ్స్‌లో 13.04. పదహారు రోజుల్లో మూడుసార్లు జాతీయ రికార్డును చెరిపి వ్రాసింది.

అక్టోబరులో మళ్లీ గాలి తన పని తాను చేసింది. గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడలలో 12.79 సెకండ్లు వచ్చినవి, కాని వెనుక గాలి 2.5. పోనీ అనుకుని రెండు వారాలు తిరగకముందే, 17వ తేదీన బెంగుళూరులో 12.82 సెకండ్లకు పరుగెత్తింది. ఈసారి ఏ అభ్యంతరమూ లేదు. ఈ పందెంలో 13 సెకండ్ల గోడను సక్రమంగా దాటిన మొదటి భారతీయ వనిత ఆమె. కొసరుగా ఒక మాట: ఆ జాతీయ క్రీడలలోనే హర్డిల్స్ లేని నూరు మీటర్ల పరుగులో కూడా, పేరుమోసిన ద్యుతీచంద్, హిమాదాసులను వెనుకబెట్టి ఆమె బంగారుపతకం గెలిచింది. హర్డిల్స్ వారికి కాళ్లలో వట్టి వేగం కూడా ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తున్నది.

2023 ఆమె జీవితంలో పెద్ద ఏడు. ఫిబ్రవరిలో కజకిస్థాన్ రాజధాని అస్తానాలో, పైకప్పు కింద జరిగే ఆసియా పోటీలలో 60 మీటర్ల హర్డిల్స్‌కు రజతం. జూలై 13న బాంకాక్‌లో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు. తడిసిన బాట మీద 13.09 సెకండ్లలో జపాను వారిద్దరిని దాటి స్వర్ణం. ఆ పందెంలో ఆసియా స్వర్ణం భారతదేశానికి రావడం అదే మొదలు. మూడు వారాలకు చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో కాంస్యం, కాలం 12.78, కొత్త జాతీయ రికార్డు. బుడాపెస్ట్ ప్రపంచ పోటీలలో మాత్రం మొదటి అంచె దాటలేకపోయింది.

ఆ తరువాత హాంగ్‌జౌ. 2023 అక్టోబరు 1వ తేదీ, ఆసియా క్రీడలలో చివరి పందెం. ఈ ఘట్టాన్ని కొంచెం నిదానంగా చెప్పుకుందాం.

పందెం మొదలయ్యేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మలకు సూక్ష్మపరికరాలు అమర్చి ఉంటాయి. తుపాకీ మ్రోగిన తరువాత సెకండులో పదోవంతు లోపల కదిలినా తప్పే. చెవికి వినబడి, బుద్ధికి తెలిసి, కాలు కదలడానికి అంత మాత్రం కాలం పడుతుందని, అంతకంటె ముందు కదిలితే ఊహించి కదిలినట్లేనని లెక్క. పూర్వం ఒక తప్పును మన్నించేవారు. 2010 నుంచి మొదటి తప్పుకే బహిష్కారం. ఆ నాడు చైనా క్రీడాకారిణి వూ యాన్నీ తుపాకీకి ముందుగా కదిలింది. ఆ కదలికను చూసి జ్యోతి కూడా లేచింది. అధికారులు ఇద్దరికీ ఎర్ర అట్ట చూపించారు.

చుట్టూ చైనా ప్రేక్షకులు. భాష తెలియని మైదానం. కాసేపట్లో జీవితంలోకెల్ల పెద్ద పందెం. అటువంటి చోట తెలుగుపిల్ల ఒకతె అధికారుల ఎదుట నిలబడి, తాను ముందు కదలలేదని, చిత్రాన్ని మళ్లీ చూడవలసిందని వాదించింది. వారు చూశారు. చివరకు ఆక్షేపణకు లోబడి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. ఈ వాదనల నడుమ శరీరం చల్లబడుతుంది, మనస్సు చెదురుతుంది, అయినా పరుగెత్తవలసినదే. లిన్ యూవెయ్ 12.74తో మొదట, వూ రెండవది, జ్యోతి 12.91తో మూడవది. పందెం ముగిసిన తరువాత విచారణ జరిపి వూ పరుగును రద్దుచేశారు. జ్యోతి కాంస్యం రజతమైనది. తన పరుగులు పుస్తకంలోకి ఎక్కకుండా పోవడం అంతకు ముందు మూడుసార్లు చూసిన మనిషి, ఈసారి లెక్క తప్పితే ఊరుకోలేదని నేను దీనిని అర్థం చేసుకుంటున్నాను.

ఇక ఒలింపిక్స్. పారిస్‌కు నేరుగా అర్హత పొందాలంటే నిర్ణయించిన కాలం 12.77 సెకండ్లు. చెంగ్డూలో ఆమె కాలం 12.78 అని చెప్పుకున్నాం. 2024 మే నెలలో ఫిన్లాండులోని యివాస్కులా పట్టణంలో మళ్లీ పరుగెత్తితే మళ్లీ 12.78. రెండుసార్లూ సెకండులో ఒక వందోవంతు తక్కువపడింది. ఆ వేగంలో వందోవంతు సెకండంటే నేల మీద ఎంత? సుమారు 8 సెంటీమీటర్లు. మన కొలతలో బెత్తెడు. చేతి నాలుగు వేళ్లు చేర్చి పెట్టినంత వెడల్పు.

ఈ బెత్తెడు మన దేశానికి కొత్తది కాదు. 1984లో లాస్ ఏంజెలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్ తుది పందెంలో పి. టి. ఉష కాలం 55.42, మూడవదిగా వచ్చిన రుమేనియా వనిత కాలం 55.41. కాంస్యపతకం ఆ వందోవంతులో పోయింది. ఆ రాత్రి గడిచి నాలుగు దశాబ్దాలైనా ఆ అంకెలు తెలియని క్రీడాభిమాని మన దేశంలో అరుదు. పురుషులలో గురుబచన్ సింగ్ రంధావా 1964 టోక్యోలో 110 మీటర్ల హర్డిల్స్‌లో అయిదవ స్థానం పొందాడు. హర్డిల్స్‌లో మనకున్న ఒలింపిక్ చరిత్రలో ఈ రెండూ చెప్పుకోదగినవి.

జ్యోతికి రెండో దారి దొరికింది. ఏడాది పొడుగునా వివిధ పోటీలలో సాధించిన స్థానాలను బట్టి ప్రపంచ క్రమపట్టిక ఒకటి తయారవుతుంది. మిగిలిన ఖాళీలను దానితో నింపుతారు. ఆ పట్టిక ద్వారా ఆమె పారిస్ చేరింది. 2024 ఆగస్టు 7న మొదటి అంచెలో 13.16 సెకండ్లు, తన వరుసలో ఏడవ స్థానం. ఓడినవారికి మరొక అవకాశమిచ్చే పద్ధతిని ఆ ఒలింపిక్స్‌లోనే కొత్తగా ప్రవేశపెట్టారు. 8వ తేదీన అందులో 13.17, నాల్గవ స్థానం. ఉష పందేనికి సరిగా నలభై ఏళ్లు నిండిన రోజది. ఒలింపిక్స్ ముగిసినట్లే.

అక్కడ స్వర్ణం గెలిచిన అమెరికా వనిత మసాయ్ రస్సెల్ కాలం 12.33. ప్రపంచ రికార్డు నైజీరియాకు చెందిన టోబి అముసాన్ 2022లో నెలకొల్పిన 12.12. జ్యోతి పారిస్ పరుగుకూ, విజేత పరుగుకూ నడుమ ఎడం సుమారు 6 మీటర్లు. రెండు హర్డిళ్ల నడుమనున్న దూరం కంటె తక్కువే. కాని ప్రపంచస్థాయిలో అది చాలా పెద్ద దూరం. దీనిని దాచి చెప్పవలసిన అవసరం లేదు. ఆసియాలో ప్రథమస్థానానికీ, ప్రపంచంలో తుది పందేనికీ నడుమ ఎంత మెట్టున్నదో ఆ 6 మీటర్లే చెబుతున్నవి. అయితే ఆమె తన ఉత్తమమైన 12.78ని పారిస్‌లో చూపలేకపోయిందన్నది కూడా అంత నిజమే.

పతకాలు అక్కడితో ఆగలేదు. 2024 ఫిబ్రవరిలోనే టెహరాన్‌లో 60 మీటర్ల హర్డిల్స్‌లో 8.12 సెకండ్లతో ఆసియా స్వర్ణం వచ్చి ఉన్నది. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతులమీదుగా అర్జున పురస్కారం. 2025 మే 29న దక్షిణ కొరియాలోని గుమి పట్టణంలో ఆసియా పోటీలలో మరల స్వర్ణం, 12.96 సెకండ్లు, ఆ పోటీల చరిత్రలోనే ఉత్తమమైన కాలం. ఒకసారి గెలవడం కంటె గెలిచినదానిని నిలుపుకోవడం కష్టమంటారు. ఈ పందెంలో ఆ కష్టం రెండింతలు, ఏలనంటే పది హర్డిళ్లలో ఏ ఒక్కదానికి మడమ తగిలినా రెండేళ్ల శ్రమ కొట్టుకుపోతుంది.

గుమి తరువాత కొన్ని వారాలకే, సాధన చేస్తుండగా మోకాలిలోని ముఖ్యమైన స్నాయువు దెబ్బతిన్నది. శస్త్రచికిత్స అవసరమైనది, ఆ ఏడు సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె పాల్గొనలేకపోయింది. హర్డిల్ దాటి దిగేటప్పుడు శరీరభారమంతా ఒక్క కాలి మీద పడుతుంది. ఒక పందెంలో అది పదిసార్లు. అందుచేత ఈ గాయం మామూలు పరుగువారికంటె హర్డిల్స్ వారికి ఎక్కువ భయంకరమైనది. ఇటువంటి చికిత్స తరువాత మొదట నడక, పిమ్మట నేరుగా పరుగు, ఆ పైన నేలమీద గీతలు గీసుకుని మూడు అంగల లయ. తడికెలను బాట మీద నిలబెట్టేది అన్నిటికంటె ఆఖరున. మొదట కొంచెం పొట్టివిగా నిలిపి, తరువాత 2 అడుగుల 9 అంగుళాలకు ఎత్తుతారు.